విండోస్ యాక్టివేషన్ పోతే ఏం చేయాలి, అప్‌డేట్లను మన అదుపులో ఎలా ఉంచుకోవాలి

స్క్రీన్ కింద కుడి మూల ‘యాక్టివేట్ విండోస్’ అని లేత అక్షరాలు కనపడగానే చాలామంది ఇంటర్నెట్‌లో యాక్టివేటర్ (లైసెన్సు లేకుండానే యాక్టివేట్ అయినట్టు చూపించే దొంగ ప్రోగ్రామ్) కోసం వెతుకుతారు. అప్‌డేట్ వల్లే ఇదంతా అయిందనుకుని అప్‌డేట్లు మొత్తం ఆపేస్తారు కూడా. రెండూ చేయకండి. విండోస్ 10, 11లలో యాక్టివేషన్ లేకపోయినా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. వాల్‌పేపర్, రంగులు, థీమ్ లాంటి పర్సనలైజేషన్ సెట్టింగులు మూతపడతాయంతే. మీ ఫైళ్లకు ఏమీ కాదు. అంటే నింపాదిగా చూసుకునే టైమ్ మీకుంది. ఆ టైమ్‌లో మొట్టమొదట తేల్చుకోవాల్సింది మీ లైసెన్సు ఏ రకమో. అది తెలియకుండా కొత్త కీ కొన్నా, విండోస్ మళ్లీ వేసినా సగంసార్లు డబ్బూ శ్రమా వృథా.

లైసెన్సు ఏ రకమో ఇలా చూడండి

1. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్ తెరవండి. విండోస్ 10లో ఇది ‘అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ’ కింద ఉంటుంది. ఎడిషన్ పేరు, యాక్టివేషన్ స్టేట్, ఎర్రర్ కోడ్ ఉంటే అది, ఈ మూడూ ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

2. విండోస్ కీతో పాటు ఆర్ నొక్కి, వచ్చిన రన్ పెట్టెలో ‘ఎస్ఎల్ఎంజీఆర్ /డీఎల్ఐ’ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఇంగ్లిష్ చిన్న అక్షరాలు వాడండి, స్లాష్‌కు ముందు ఒక ఖాళీ వదలండి. కొన్ని సెకన్లకు చిన్న కిటికీ వస్తుంది. అందులో డిస్క్రిప్షన్ అన్న లైన్ చూడండి.

3. అదే పద్ధతిలో ‘ఎస్ఎల్ఎంజీఆర్ /ఎక్స్‌పీఆర్’ కొట్టండి. శాశ్వతంగా యాక్టివేట్ అయిందని చెప్తుంది, లేదా గడువు తేదీ చూపిస్తుంది.

డిస్క్రిప్షన్ లైన్‌లో ‘ఓఈఎం డీఎం’ అని ఉంటే ల్యాప్‌టాప్‌తో పాటే వచ్చిన లైసెన్సు అది. కీ మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే (బోర్డు చిప్‌లో ఉండే సాఫ్ట్‌వేర్) రాసి ఉంటుంది. విండోస్ 8 నాటి నుంచి బ్రాండెడ్ కంపెనీలు ఇలాగే చేస్తున్నాయి, అందుకే ల్యాప్‌టాప్ అడుగున పాతకాలం స్టిక్కర్ కనపడదు. ఈ లైసెన్సు ఆ యంత్రంతోనే ఉంటుంది, ఇంకో దానికి మార్చుకోవడానికి లేదు. ‘రిటైల్’ అని ఉంటే విడిగా కొన్న కీ, లేదా డిజిటల్ లైసెన్సు. విడిగా కొన్న రిటైల్ కీని పాత యంత్రంలో తీసేసి కొత్తదానిలో వేసుకోవచ్చు. ‘వాల్యూమ్’ అన్న మాట ఉంటే అది కంపెనీలకూ కాలేజీలకూ ఇచ్చే లైసెన్సు. ఇంట్లో కంప్యూటర్‌లో ఆ మాట కనపడితే కింద చెప్పబోయే యాక్టివేటర్ల భాగం తప్పక చదవండి.

అదే కిటికీలో కీ చివరి ఐదు అక్షరాలు కూడా ఉంటాయి. విండోస్ ప్రో ఎడిషన్‌లో 3వీ66టీ, హోమ్ ఎడిషన్‌లో 8హెచ్‌వీఎక్స్7 కనపడితే ‘ఇది ఎవరిదో కీ, షాపువాడు మోసం చేశాడు’ అనుకోవద్దు. డిజిటల్ లైసెన్సు ఉన్న యంత్రాల్లో మైక్రోసాఫ్ట్ పెట్టే మామూలు కీలు అవి. అసలు లైసెన్సు మీ మదర్‌బోర్డు గుర్తింపుతో మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో నమోదై ఉంటుంది.

ఎక్కువగా వచ్చే కోడ్లు, వాటి మందు

0ఎక్స్‌సీ004ఎఫ్211 అంటే హార్డ్‌వేర్ మారిందని. మదర్‌బోర్డు మార్చిన తర్వాత వచ్చేది ఇదే. ర్యామ్, ఎస్ఎస్‌డీ ఒక్కటే మార్చితే మామూలుగా రాదు. యాక్టివేషన్ పేజీలో ట్రబుల్‌షూట్ నొక్కి, ‘ఈమధ్య ఈ డివైస్‌లో హార్డ్‌వేర్ మార్చాను’ అనే అర్థం వచ్చే లింకు ఎంచుకోండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే మీ యంత్రాల జాబితా వస్తుంది. మీదాన్ని ఎంచుకుని, ‘ఇప్పుడు నేను వాడుతున్నది ఇదే’ అన్న చోట టిక్ పెట్టి యాక్టివేట్ చేయండి. బోర్డు మార్చడానికి ముందే లైసెన్సు ఆ అకౌంట్‌తో లింక్ అయి ఉంటేనే ఈ దారి పనిచేస్తుంది. సర్వీస్ సెంటర్ వాళ్లు బ్రాండెడ్ ల్యాప్‌టాప్ బోర్డు మార్చి ఇచ్చాక ఈ కోడ్ వస్తే మీరు కీ కొనక్కర్లేదు. కొత్త బోర్డులో కీ ఎక్కించి ఇవ్వడం తయారీ కంపెనీ పని, జాబ్ షీటు పట్టుకుని అడగండి.

0ఎక్స్803ఎఫ్7001 అంటే ఈ యంత్రానికి సరిపోయే లైసెన్సు దొరకలేదని. విండోస్ మళ్లీ వేసిన మర్నాడు వచ్చిందంటే దాదాపు ఎప్పుడూ ఎడిషన్ తేడానే. మన దేశంలో అమ్మిన ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ‘హోమ్ సింగిల్ లాంగ్వేజ్’ ఎడిషన్ వచ్చింది. రిపేరు షాపులో దాన్ని తుడిచేసి ప్రో వేస్తే, ఫర్మ్‌వేర్‌లో ఉన్న కీ ప్రోకు పనికిరాదు. చివరికి మామూలు ‘హోమ్’కు కూడా సింగిల్ లాంగ్వేజ్ లైసెన్సు చెల్లదు. హోమ్ నుంచి ప్రోకు వెళ్లడానికి ప్రో కీ ఇస్తే సరిపోతుంది. వెనక్కి రావాలంటే మాత్రం విండోస్ తిరిగి వేయాల్సిందే.

ఆ పని ఇలా చేయండి. ఫైళ్లు ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసుకోండి. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించుకుని, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారు చేసుకోండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, ఖాళీది వాడండి. దాన్నుంచి బూట్ చేస్తే సెటప్ ఫర్మ్‌వేర్ కీ చదువుకుని ఏ ఎడిషన్ వేయాలో తనే నిర్ణయించుకుంటుంది. ఎడిషన్ జాబితా చూపించలేదంటే కీ దొరికిందని అర్థం, అది మంచి గుర్తు. నెట్ కలపగానే యాక్టివేట్ అయిపోతుంది. సింగిల్ లాంగ్వేజ్ అన్నారు కదా, తెలుగు టైపింగ్ రాదేమోనని అనుమానం వద్దు. మెనూల భాష మార్చుకోవడానికే ఆ ఎడిషన్‌లో ఆంక్ష. తెలుగు కీబోర్డు మామూలుగానే కలుపుకోవచ్చు.

0ఎక్స్‌సీ004ఎఫ్074 కంపెనీ యంత్రాల్లో వచ్చేది. ఆఫీసు లైసెన్సు సర్వర్ అందుబాటులో లేదని దాని భావం. ఈ పద్ధతిలో యాక్టివేషన్ 180 రోజులే ఉంటుంది, వారానికోసారి ఆఫీసు నెట్‌వర్క్‌లో దానంతటదే గడువు పొడిగించుకుంటుంది. నెలల తరబడి ఇంటి నుంచి పనిచేస్తూ వీపీఎన్ (ఇంటర్నెట్ ద్వారా ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపేది) కలపకపోతే గడువు అయిపోతుంది. వీపీఎన్ కలిపి, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘ఎస్ఎల్ఎంజీఆర్ /ఏటీఓ’ కొట్టండి. ఐటీ కంపెనీలు వాడి అమ్మేసిన సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నవాళ్లకూ ఇదే కోడ్ రావచ్చు. ఎందుకంటే కంపెనీ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ వేసుకుని వాడింది, ఆ లైసెన్సు మీకు రాదు. అయితే బిజినెస్ మోడల్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటి ఫర్మ్‌వేర్‌లో ప్రో కీ ఉంటుంది. పైన చెప్పినట్టు పెన్‌డ్రైవ్‌తో కొత్తగా వేసి చూడండి, పైసా ఖర్చు లేకుండా అసలు ప్రో రావచ్చు. సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాక కీ కొనే ముందు ఈ పరీక్ష చేయకపోవడం చాలా పెద్ద పొరపాటు.

0ఎక్స్‌సీ004సీ003 అంటే సర్వర్ ఆ కీని నిరాకరించింది, చాలావరకు బ్లాక్ అయిన కీ. 0ఎక్స్‌సీ004సీ008 అంటే ఆ కీ పరిమితికి మించి యంత్రాల్లో వాడేశారు. రెండు మూడొందలకు ఆన్‌లైన్‌లో దొరికే కీలు కొన్న నాడు పనిచేసి తర్వాత పోవడానికి కారణం ఇదే. అవి చాలామటుకు ఏదో సంస్థకు ఇచ్చిన వాల్యూమ్ కీలు, దుర్వినియోగం కనిపెట్టగానే మైక్రోసాఫ్ట్ వాటిని ఆపేస్తుంది. సికింద్రాబాద్ సీటీసీలోనో మీ ఊరి షాపులోనో అసెంబుల్డ్ డెస్క్‌టాప్ చేయించుకుంటుంటే, బిల్లులో విండోస్ ఎడిషన్ పేరుతో వేరే లైన్ రాయించుకోండి. ఆ లైన్ లేకపోతే మీకు లైసెన్సు అమ్మలేదనే లెక్క.

పాత డెస్క్‌టాప్‌లలో ఒక విచిత్రం కనపడుతుంది. యాక్టివేషనూ పోతుంది, అప్‌డేట్లూ రావు, బ్రౌజర్‌లో బ్యాంకు సైట్లు కూడా తెరుచుకోవు. కారణం తేదీ. మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా గడియారం వెనక్కి వెళ్లిపోతుంది, సర్వర్లు ఆ తేదీని నమ్మవు. సీఆర్2032 రకం, 3 వోల్టులు, గడియారాల షాపులోనూ దొరుకుతుంది. ప్లగ్ పీకేసి మార్చి, బయోస్‌లో (విండోస్ లేవడానికి ముందు తెరిచే మదర్‌బోర్డు సెట్టింగులు) తేదీ సరిచేసి, విండోస్‌లో టైమ్‌జోన్ భారత కాలమానానికి పెట్టి ‘సింక్ నౌ’ నొక్కండి. ఏ ఎర్రర్ వచ్చినా ముందు గడియారం వైపు ఒకసారి చూడడం అలవాటు చేసుకోండి.

ఒక్కోసారి మీ దగ్గర తప్పేమీ ఉండదు. 2007 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ధ్రువీకరణ సర్వర్లు పాడై అసలు విండోస్‌లను నకిలీవని చూపించాయి. 2018 నవంబర్ 8న ప్రో లైసెన్సులున్న విండోస్ 10 యంత్రాలకు ‘మీది హోమ్ లైసెన్సు’ అని సందేశాలొచ్చాయి, సర్వర్ వైపు సరిచేయగానే పోయాయి. అందుకే, హార్డ్‌వేర్ మార్చలేదు, విండోస్ తిరిగి వేయలేదు, అయినా ఉన్నట్టుండి యాక్టివేషన్ పోయిందంటే ఒక రోజు ఆగండి. 2018లో అలా ఆగకుండా కీ మార్చినవాళ్లు, ఫార్మాట్ కొట్టినవాళ్లు లేని పని నెత్తిన వేసుకున్నారు.

యాక్టివేటర్ వేసి ఉంటే

ఇంట్లో కంప్యూటర్‌లో యాక్టివేషన్ స్టేట్ ‘మీ ఆర్గనైజేషన్ యాక్టివేషన్ సర్వీస్ ద్వారా’ అన్నట్టు ఉండి, డిస్క్రిప్షన్‌లో ‘వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్’ అని వస్తే ఎవరో యాక్టివేటర్ వేశారన్నమాట. ఇది కంపెనీ సర్వర్‌లా నటించే ప్రోగ్రామ్. దాన్ని నడపాలంటే ముందు విండోస్ సొంత యాంటీవైరస్ అయిన డిఫెండర్‌ను ఆపమంటారు, అసలు ప్రమాదం అక్కడుంది. అడ్మిన్ హక్కులతో, యాంటీవైరస్ కళ్లు మూసి నడిచిన ప్రోగ్రామ్ ఇంకేం పెట్టి వెళ్లిందో తెలియదు. ఆ కంప్యూటర్‌లో నెట్ బ్యాంకింగ్ చేసేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

విండోస్ సెక్యూరిటీలో ‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’, మేనేజ్ సెట్టింగ్స్, అక్కడ అడుగున ఎక్స్‌క్లూజన్స్ తెరవండి. మీరు పెట్టని ఫోల్డర్ ఏదైనా, ముఖ్యంగా సీ డ్రైవ్ మొత్తం అక్కడ ఉంటే తీసేయండి. తర్వాత ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి, కంప్యూటర్ రీస్టార్ట్ అయి స్కాన్ జరుగుతుంది. అయినా మా సలహా ఒక్కటే: డాక్యుమెంట్లు, ఫొటోలు మాత్రం తీసుకుని విండోస్ కొత్తగా వేసుకోండి, వేరే యంత్రం నుంచి పాస్‌వర్డ్లు మార్చుకోండి. లైసెన్సుకు డబ్బు లేకపోతే యాక్టివేషన్ లేకుండా వాడడం యాక్టివేటర్‌తో వాడడం కన్నా ఎంతో క్షేమం. ఆఫీసు, బ్రౌజింగ్ పనులకే అయితే లినక్స్ మింట్ లాంటిది ఉచితంగా, చట్టబద్ధంగా ఉంది.

ఏదైనా మార్చే ముందు చేసుకోవలసిన రెండు పనులు

మదర్‌బోర్డు మార్పు గానీ బయోస్ అప్‌డేట్ గానీ ఉంటే ముందు మైక్రోసాఫ్ట్ అకౌంట్ కలిపి, యాక్టివేషన్ పేజీలో ‘డిజిటల్ లైసెన్స్ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లింక్ అయింది’ అన్న అర్థం వచ్చే వాక్యం వచ్చేదాకా చూడండి. రెండోది బిట్‌లాకర్ (డిస్కులోని డేటాకు తాళం వేసే ఎన్‌క్రిప్షన్) రికవరీ కీ, 48 అంకెలు. విండోస్ 11 24హెచ్2 వెర్షన్ కొత్తగా వేసినప్పుడు డివైస్ ఎన్‌క్రిప్షన్ చాలా యంత్రాల్లో దానంతటదే ఆన్ అవుతుంది, ఆ సంగతి చాలామందికి తెలియదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో డివైసుల దగ్గర ఆ కీ ఉంటుంది, కాగితం మీద రాసి ఆ కంప్యూటర్‌కు దూరంగా దాచండి. బయోస్ అప్‌డేట్‌కు ముందు బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేయండి. ఈ కీ లేకుండా నీలం తెర ముందు ఇరుక్కుంటే డేటాను మైక్రోసాఫ్ట్ కూడా తెరిచి ఇవ్వలేదు.

అప్‌డేట్లకు క్యాలెండర్ వేసుకోండి

నెలవారీ సెక్యూరిటీ అప్‌డేట్ ప్రతి నెలా రెండో మంగళవారం విడుదలవుతుంది. అమెరికా పసిఫిక్ కాలమానంలో ఉదయం 10 గంటలు, మనకు అది వేసవిలో రాత్రి 10:30, చలికాలంలో 11:30. అంటే మన దగ్గర బుధవారం పొద్దున కంప్యూటర్ తెరిచినప్పుడు దిగడం మొదలవుతుంది. రెండో మంగళవారం ఎప్పుడూ 8, 14 తేదీల మధ్యే పడుతుంది. అకౌంటెంట్లకు ఇది సరిగ్గా ఇబ్బంది పెట్టే వారం, నెలవారీ జీఎస్‌టీఆర్-1 గడువు 11, జీఎస్‌టీఆర్-3బీ గడువు 20. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ డ్రైవర్ ఆ రోజుల్లో మొరాయిస్తే ఎంత తలనొప్పో వాళ్లకే తెలుసు. కాబట్టి 7వ తేదీన విండోస్ అప్‌డేట్ పేజీలో రెండు వారాలు పాజ్ పెట్టండి, 21న తెరుచుకుంటుంది. ఆ రోజు సాయంత్రం అప్‌డేట్ వేసి రీస్టార్ట్ చేయండి. పాజ్ గరిష్ఠంగా ఐదు వారాలే. అది అయ్యాక వచ్చినవన్నీ వేసుకుంటేనే మళ్లీ పాజ్ ఇస్తుంది.

సర్వీసెస్‌లోకి వెళ్లి విండోస్ అప్‌డేట్‌ను డిసేబుల్ చేసే చిట్కా పాటించకండి. వేరే సర్వీసు దాన్ని మళ్లీ లేపుతుంది, లేవకపోతే 0ఎక్స్80070422 వచ్చి స్టోర్ యాప్‌లు కూడా దిగవు.

అదే పేజీలో ‘గెట్ ది లేటెస్ట్ అప్‌డేట్స్ యాజ్ సూన్ యాజ్ దే ఆర్ అవైలబుల్’ అన్న మీటను ఆఫ్‌లో ఉంచండి. నెలాఖరున వచ్చే ఐచ్ఛిక ప్రివ్యూలు ముందుగా పడకుండా ఇది ఆపుతుంది, సెక్యూరిటీకి లోటు రాదు. యాక్టివ్ అవర్స్‌ను మీ పనిగంటలకు పెట్టుకోండి, 18 గంటల దాకా ఒప్పుకుంటుంది.

ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపేవాళ్లు రోజుకు 1.5 జీబీ ప్యాక్ పొద్దున్నే ఖాళీ అయిందని బాధపడుతుంటారు. వైఫై ప్రాపర్టీస్‌లో ‘మీటర్డ్ కనెక్షన్’ ఆన్ చేయండి, పెద్ద డౌన్‌లోడ్లు ఆగుతాయి. నెలకోసారి ఇంట్లోనో ఆఫీసులోనో బ్రాడ్‌బ్యాండ్ మీద అప్‌డేట్ చేయడం మరవద్దు. నాలుగైదు కంప్యూటర్లున్న ఆఫీసులో డెలివరీ ఆప్టిమైజేషన్‌ను ‘లోకల్ నెట్‌వర్క్‌లోని డివైసులు’ వరకే పెడితే, ఒక యంత్రం దించుకున్నది మిగతావి దాన్నుంచే తీసుకుంటాయి.

ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్‌కు తొందర పడకండి. 2018 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 1809 కొందరి డాక్యుమెంట్లనే తుడిచేయడంతో మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపి, నవంబర్ 13న మళ్లీ ఇచ్చింది. రెండు మూడు నెలలు ఆగి, బ్యాకప్ తీసుకుని, సీ డ్రైవ్‌లో కనీసం 20 జీబీ ఖాళీ చూసుకుని వేయండి. ప్రో ఉన్నవాళ్లు గ్రూప్ పాలసీలో విండోస్ అప్‌డేట్ కింద ‘సెలెక్ట్ ది టార్గెట్ ఫీచర్ అప్‌డేట్ వెర్షన్’ తెరిచి ఏ వెర్షన్ దగ్గర ఆగాలో రాసుకోవచ్చు. వేలిముద్ర యంత్రాలు, పాత ప్రింటర్లు ఉన్న కౌంటర్లకు ఇది బాగా పనికొస్తుంది. హోమ్‌లో ఈ సదుపాయం లేదు.

డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా అప్‌డేట్ మొదలుపెట్టవద్దు. శాతం కదలకపోయినా గంట రెండు గంటలు ఓపిక పట్టండి, డిస్క్ లైటు వెలుగుతుంటే పని జరుగుతున్నట్టే.

అప్‌డేట్ దిగకపోతే, దిగి పాడుచేస్తే

ఈ వరుస పాటించండి, పని అయిన చోట ఆగిపోండి.

1. రీస్టార్ట్ నొక్కండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం దీనికి సరిపోదు, ఫాస్ట్ స్టార్టప్ ఉంటే విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్ పాత స్థితి నుంచే లేస్తుంది.

2. స్టోరేజ్‌లో టెంపరరీ ఫైల్స్ తెరిచి విండోస్ అప్‌డేట్ క్లీనప్ చేయండి. 0ఎక్స్80070070 కోడ్ అంటే నేరుగా చోటు లేకపోవడమే. టిక్ పెట్టేముందు జాబితాలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఎంపికై ఉందేమో చూసి తీసేయండి.

3. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘డీఐఎస్ఎం /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రీస్టోర్‌హెల్త్’, అది పూర్తయ్యాక ‘ఎస్ఎఫ్‌సీ /స్కాన్‌నౌ’ నడపండి. ఇదే వరుసలో చేయాలి, ఎందుకంటే రెండోది మంచి ఫైళ్లను మొదటిది బాగుచేసిన నిల్వ నుంచి తెచ్చుకుంటుంది. 0ఎక్స్80073712 వస్తే ఇదే మందు.

4. సర్వీసెస్‌లో విండోస్ అప్‌డేట్‌నూ బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ సర్వీస్‌నూ స్టాప్ చేసి, సీ డ్రైవ్ విండోస్ ఫోల్డర్‌లోని సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ పేరు మార్చండి. రీస్టార్ట్ చేస్తే కొత్తది తయారవుతుంది. పాత అప్‌డేట్ చరిత్ర జాబితా పోతుంది, భయం లేదు.

5. విండోస్ 11 కొత్త వెర్షన్లలో రికవరీ పేజీలో ‘ఫిక్స్ ప్రాబ్లమ్స్ యూజింగ్ విండోస్ అప్‌డేట్’ ఉంది. యాప్‌లు, ఫైళ్లు అలాగే ఉంచి విండోస్‌ను మళ్లీ వేస్తుంది. ఫార్మాట్ అనే ముందు దీన్ని వాడండి.

కోడ్‌తో పాటు కేబీ నంబరు (ఒక్కో అప్‌డేట్‌కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే గుర్తింపు నంబరు) కూడా రాసుకోండి. 0ఎక్స్80070643 రకరకాల కారణాలకు వస్తుంది. 2024 జనవరిలో విండోస్ 10కు వచ్చిన కేబీ5034441కు మాత్రం అది రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేకపోవడం వల్ల వచ్చింది. నంబరు చూడకుండా డిస్కంతా శుభ్రం చేసినా లాభం లేదు.

అప్‌డేట్ తర్వాత ఒక్క పరికరమే పనిచేయకపోతే డివైస్ మేనేజర్‌లో దాని డ్రైవర్ రోల్ బ్యాక్ చేయండి, అప్‌డేట్ మొత్తం తీయక్కర్లేదు. తీయక తప్పకపోతే అప్‌డేట్ హిస్టరీలో అన్ఇన్‌స్టాల్ ఉంది. అసలు విండోస్ లేవకపోతే, లోగో కనపడగానే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపడం రెండు మూడుసార్లు చేయండి, రికవరీ తెర వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్ఇన్‌స్టాల్ అప్‌డేట్స్‌లో క్వాలిటీ అప్‌డేట్ (నెలవారీ అప్‌డేట్) తీసేయండి. పెద్ద వెర్షన్ నుంచి వెనక్కి వెళ్లడానికి గడువు 10 రోజులే.

విండోస్ 10 మీదే ఉన్నవాళ్లకు

విండోస్ 10 ఉచిత సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకం 2026 అక్టోబర్ 13 వరకు ఉంది. వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి. విండోస్ అప్‌డేట్ పేజీలోనే ‘ఎన్‌రోల్ నౌ’ కనపడుతుంది. సెట్టింగులు క్లౌడ్‌కు సింక్ చేస్తే ఉచితం, లేదంటే 1000 రివార్డ్స్ పాయింట్లు, లేదంటే 30 డాలర్లు. ఒకే అకౌంట్ మీద 10 యంత్రాలకు సరిపోతుంది.

విండోస్ 11కు టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ లేచేలా చూసే ఏర్పాటు), 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ కావాలి. ఇంటెల్‌లో సుమారుగా 8వ తరం నుంచి కుదురుతుంది. చాలా డెస్క్‌టాప్ బోర్డుల్లో టీపీఎం ఉండి కూడా బయోస్‌లో ఆఫ్ అయి ఉంటుంది. ఇంటెల్ బోర్డులో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అన్న పేరుతో వెతికి ఆన్ చేశాకే ‘నా కంప్యూటర్‌కు రాదు’ అని తేల్చండి. సెక్యూర్ బూట్‌కు వాడే 2011 నాటి సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి తీరుతుంది. 2023 నాటి కొత్తవి నెలవారీ అప్‌డేట్ల ద్వారానే వస్తాయి, కొన్ని యంత్రాలకు తయారీ కంపెనీ ఇచ్చే బయోస్ అప్‌డేట్ కూడా అవసరం. ఏళ్ల తరబడి అప్‌డేట్లు ఆపి ఉంచినవాళ్లు ముందు వాటిని తెరవండి, తర్వాత కంపెనీ సైటులో మీ మోడల్ నంబరు కొట్టి బయోస్ తేదీ చూసుకోండి.